రోడ్డు లేదు, పడవ ఎక్కండి

దొస్సిని జీవితంలో ఒక్కసారే ఎవరైనా దొంగ అన్నారు. అన్నది ఫోన్లో. అన్న మనిషి లేగోస్ నగరంలో భోజనశాల నడిపే అబోసెదె అనే ఆవిడ.

"నీ పొగచేపలు బావుంటాయని ఎవరో చెప్పారు. నాకు వారానికి యాభై కట్టలు కావాలి. కానీ నేను కళ్ళతో చూడందే కొనను. నీ లొకేషన్ పంపు, శనివారం వస్తా" అందావిడ.

"లొకేషన్ ఎందుకమ్మా? రేవు దగ్గరకొచ్చి దొస్సి ఇల్లు ఎక్కడంటే ఏ దోనెవాడైనా దింపేస్తాడు."

"దోనె ఎందుకు?"

"మా ఇల్లు నీళ్ళ మీద కదా."

అవతల గొంతు మారింది. "ఇదిగో అమ్మాయ్, పటం తెరిచి చూస్తూనే మాట్లాడుతున్నా. నువ్వు చెప్పిన చోట నీలం రంగు తప్ప గడ్డిపోచ కూడా లేదు. నన్ను పడవెక్కించి నడినీళ్ళలో దోచుకుందామనా? నాకు యాభై ఆరేళ్ళు. నీలాంటి దొంగల్ని చాలామందిని చూశా."

ఫోన్ పెట్టేసింది. దొస్సి చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకుని నిలబడింది. కాళ్ళకింద చెక్కల సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. పొయ్యి మీద చేపలు పొగలో రంగు తిరుగుతున్నాయి. గుమ్మం దగ్గర వల బాగుచేసుకుంటున్న భర్త హున్సు తలెత్తాడు.

"ఎవరే?"

"ఎవరో ఆవిడ. నేను లేనంట."

"ఎక్కడ లేవు?"

"ఇక్కడే."

హున్సు ఆమెని ఎగాదిగా చూశాడు. "మరి ఇరవై రెండేళ్ళ నుంచి నన్ను తిడుతున్నదెవరు?" అన్నాడు. దొస్సికి నవ్వు రాలేదు.

ఆమె ఊరి పేరు తోమె. వాళ్ళ ఎగూన్ భాషలో ఆ మాటకి అర్థమే నీళ్ళలో అని. ఉప్పునీటి సరస్సులో గుంజలు పాతుకుని, వాటి మీద చెక్కలు పరుచుకుని కట్టుకున్న ఆరేడు వందల ఇళ్ళు. వీధుల బదులు కాలువలు, ప్రతి గడపకీ ఒక దోనె. దొస్సి అక్కడే పుట్టింది. కవలల తర్వాత పుట్టిన ఆడపిల్లకి వాళ్ళలో పెట్టే పేరే ఆమెకీ పెట్టారు. నడక కంటే ముందు ఈత వచ్చింది, అక్షరాల కంటే ముందు గెడ వెయ్యడం వచ్చింది.

చదువు కోసం గట్టు మీది బడికి ఐదేళ్ళు వెళ్ళింది. ఆ చదువు ఇంట్లో పనికొచ్చింది ఒక్కరోజు. అప్పుడామెకి పదకొండేళ్ళు. పొద్దున్నే రెండు లాంచీలు వచ్చాయి. వాటిలో మనుషులు, చేతుల్లో మోటారు రంపాలు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంటి గుంజల్ని నీటిమట్టానికి కోస్తూ పోయారు. రెండు గుంజలు తెగేసరికి దొస్సి వాళ్ళ ఇల్లు ముందు మోకాళ్ళ మీద కూలబడిన ఆవులా ఒరిగి, తర్వాత మొత్తంగా నీళ్ళలోకి దిగిపోయింది. వాళ్ళమ్మ అన్నిటికంటే ముందు పొయ్యి మీది ఇనుప జల్లెడని లాక్కుని దోనెలో వేసుకుంది. నాన్న తేలుతున్న చెక్కల్ని ఒక్కొక్కటే ఏరుకుంటూ సాయంత్రం దాకా తిరిగాడు. పక్క వరసలో ఒక దూలం విరిగి మీద పడి ఒక మనిషి చచ్చిపోయాడు. ఆయన పేరు వియోన్.

రెండు రోజుల తర్వాత రేవులో కొట్టువాడు నిన్నటి పేపర్లో ఉల్లిపాయలు చుట్టిచ్చాడు. అందులో తమ ఊరి సంగతి ఉందని ఎవరో అంటే నాన్న దాన్ని జాగ్రత్తగా విప్పి కూతురి చేతికిచ్చాడు. దొస్సి కూడబలుక్కుని చదివింది. "సరస్సులో పేరుకున్న చెత్తను తొలగించారు అని రాశారు నాన్నా."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"చెత్తంటే మనమేనా?"

నాన్న ఆదివారానికల్లా నాలుగు దోనెల దూరంలో కొత్త గుంజలు పాతాడు. అమ్మ ఆ జల్లెడ పెట్టి పొయ్యి వెలిగించింది. గోడలు తర్వాత లేచాయి.

ఆ జల్లెడ మీదే దొస్సి పని నేర్చుకుంది. చేప కడుపు ఎంత లోతు కోయాలి, తోకని నోట్లోకి ఎలా వంచి గుచ్చాలి, కొబ్బరిపీచు ఎప్పుడెయ్యాలి, రంపపు పొట్టు ఎప్పుడు చల్లాలి, అన్నీ. మంట లేస్తే చేప మాడుతుంది, పొగ చాలకపోతే మూడో రోజుకి పురుగు పడుతుంది. పెళ్ళయ్యాక హున్సు వల తీసుకుని తెల్లారకుండా పోయేవాడు, ఆమె పొయ్యి చూసుకునేది. నలభై ఒకటో ఏడు వచ్చేసరికి పీపాలు కోసి చేసిన పొయ్యిలు నాలుగు, కింద పనిచేసే ఆడవాళ్ళు ముగ్గురు. ఆమె చేపకి రేవులో పేరుంది. పేరు ఎంత దూరం పాకిందంటే, చూడని మనుషులు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్ళూ చివరికి ఒకటే మాట: లొకేషన్ పంపు. ఆ మాటతో వ్యాపారం ఆగిపోయేది. ఇదివరకు ఊరుకుంది. దొంగ అన్నాక ఊరుకోలేకపోయింది.

మర్నాడు రేవులో ఉజు దగ్గరకెళ్ళింది. ఉజు ఇబో తెగ మనిషి, ముప్ఫై దాటిన ఒంటరి ఆడది. రేకుల గూట్లో కూర్చుని ఫోన్లకి చార్జింగు పెడుతుంది, పగిలిన అద్దాలు మారుస్తుంది, అడగని వాళ్ళకి కూడా సలహాలిస్తుంది.

"నన్ను పటంలో పెట్టు" అంది దొస్సి.

"నేనెక్కడ పెడతానక్కా? నీ వేలు, నీ ఫోను, నీ ఇల్లు. నువ్వే పెట్టుకోవాలి. చూడు." ఉజు ఫోన్ తీసుకుని పటం తెరిచింది. గట్టంతా గీతలు, పేర్లు, చుక్కలు. అటు పెట్రోలు బంకు, ఇటు చర్చి, బట్టల కొట్టు, ఆఖరికి టైర్ల పంక్చర్లు వేసేవాడు కూడా ఉన్నాడు. రేవు దాటగానే అంతా నీలం. "ఇక్కడ వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకో. ఎర్ర గుర్తు పడుతుంది. కింద 'లేని చోటును చేర్చు' అని వస్తుంది. పేరు రాయి, ఏం కొట్టో చెప్పు, ఫోటో ఉంటే తగిలించు, పంపించు. వాళ్ళు చూసి సరే అంటే, నువ్వున్నట్టు."

"వాళ్ళంటే ఎవరు?"

"ఏమో అక్కా. ఎవరో."

ఇంటికెళ్ళి తన చెక్కల మీద నిలబడి దొస్సి వేలు నొక్కి పట్టుకుంది. నీలంలో ఎర్ర గుర్తు పడింది. పేరు దగ్గర 'దొస్సి పొగచేపలు' అని రాసింది. వీధి పేరు అనే గడి దాటేసింది. పంపింది.

నాలుగు రోజులకి జవాబొచ్చింది. ఈ చోటు ఉన్నట్టు నిర్ధారించుకోలేకపోయాం, క్షమించండి.

మళ్ళీ పంపింది. మళ్ళీ క్షమించండి. హున్సుకి ఇదో ఆట అయిపోయింది. సాయంత్రం వల దులుపుకుంటూ లోపలికి తొంగి చూసి, "ఏమే, ఇవాళ ఉన్నావా, లేవా?" అనేవాడు.

"లేను. కూడు వండుకో."

రెండుసార్లు నిజంగానే వండుకున్నాడు. తర్వాత వేళాకోళం తగ్గించాడు.

మూడోసారి కూడా వెనక్కొచ్చాక ఉజు మెల్లగా చెప్పింది. "అక్కా, ఒక మాట చెప్తా విను. గుర్తు నీళ్ళలో పెడుతున్నావు కాబట్టి ఒప్పుకోవట్లేదు. తీసుకొచ్చి నా గూడు పక్కన పెట్టు. గట్టు కదా, వెంటనే ఒప్పుకుంటుంది. వచ్చినవాళ్ళని నేను నీ దగ్గరకి పంపిస్తా."

"నేను నీ గూడు పక్కన ఉంటున్నానా?"

"ఉండట్లేదు."

"మరి?"

"మరంటే... అందరూ అలాగే చేస్తారక్కా. ఏం పోయింది?"

"మా నాన్న గట్టు మీద ఇల్లు కట్టలేదు. మా అమ్మ గట్టు మీద పొయ్యి పెట్టలేదు. నన్ను ఒప్పుకోవాలంటే నేనున్న చోట ఒప్పుకోమను. లేకపోతే రోజూ పంపిస్తా. నాకేం పనా పాటా?" అంది. పని చేతినిండా ఉంది.

ఈసారి తీరిగ్గా కూర్చుంది. పొయ్యి వెలుగుతుండగా ఒకటి, జల్లెడ మీద వంచి పెట్టిన చేపలతో ఒకటి, కిందనుంచి గుంజలు కనపడేలా దోనెలో కూర్చుని ఒకటి, ఇలా తొమ్మిది ఫోటోలు తీసింది. వీధి పేరు గడి ఖాళీగా ఉంచడమే తప్పేమోనని, అందులో రాసింది: 'రోడ్డు లేదు, పడవ ఎక్కండి.' పంపాక రేవులో తన దగ్గర కొనే ఆడవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పట్టుకుని, ఈ చోటు ఉందా అని ఫోన్ అడిగితే ఉంది అని నొక్కమంది. పద్నాలుగు మంది నొక్కారు. ఒకామె పొరపాటున లేదు అని నొక్కి, భయపడి రెండు రోజులు దొస్సికి ఎదురుపడలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం చేపలు తిరగేస్తుంటే ఫోన్ టింగుమంది. చేతులు తుడుచుకోకుండానే చూసింది. నీలం రంగు మధ్యలో, ఒంటరిగా, ఆమె పేరు.

"హున్సూ!" అని అరిచింది. నిప్పంటుకుందేమోనని అతను వల వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఫోన్ చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇంత పెద్ద సరస్సులో నువ్వొక్కదానివేనా?" అన్నాడు. వేళాకోళం కాదు.

అప్పుడే అబోసెదెకి ఫోన్ చేసింది. "అమ్మా, దొంగని మాట్లాడుతున్నా. ఇప్పుడు చూడండి పటం."

అబోసెదె శనివారం వచ్చింది. లావుపాటి మనిషి, తలకి పెద్ద గుడ్డ, ఒంటిమీద ఒకదాని మీద ఒకటి రెండు, నీళ్ళలో మునగకుండా వేసుకునే తేలుడు చొక్కాలు. దోనె మధ్యలో బిగుసుకుని కూర్చుని, కళ్ళు ఫోన్ మీదే పెట్టుకుని, తనున్న చోటు చూపే చుక్క ఎర్ర గుర్తు దగ్గరకి జరుగుతుంటే దోనెవాడికి దారి చెబుతూ వచ్చింది. ఆ దోనెవాడు దొస్సి ఇంటిపక్కవాడే. పాపం, నోరు మూసుకుని కుడికంటే కుడికి, ఎడమంటే ఎడమకి గెడ వేశాడు.

చెక్కల మీదకి ఎక్కాక ఆవిడకి గుండె కుదుటపడడానికి కాస్త సమయం పట్టింది. దొస్సి చల్లటి నీళ్ళలో గర్రి, అంటే కర్రపెండలం రవ్వ, నానబెట్టి, చక్కెర వేసి, పక్కన పొయ్యి మీది చేప, మిరపకాయ నూరిన పచ్చడి పెట్టి ఇచ్చింది. అబోసెదె చేపని వాసన చూసింది. విరిచి చూసింది. తిన్నది.

"నిన్ను దొంగ అన్నాను కదూ?"

"అన్నారు."

"కోపంగా ఉందా?"

"ఉంది. తినండి, చల్లారిపోతుంది."

"చేపా, కోపమా?"

"రెండూ."

అబోసెదె పకపకా నవ్వింది. యాభై కట్టలు తీసుకెళ్ళింది. దోనెలో కూర్చునే, దొస్సి గుర్తు కింద నాలుగు మంచి మాటలు రాసింది. పడవంటే భయం లేనివాళ్ళు రావచ్చు, భయం ఉన్నవాళ్ళు కూడా వచ్చి తీరాలి అని.

ఆ వారంలోనే ఆడవాళ్ళు దొస్సి గుమ్మం ముందు దోనెలు కట్టడం మొదలుపెట్టారు. నన్నూ పెట్టు అంటే నన్నూ పెట్టు అని. కానుపులు చేసే మంత్రసాని ముందొచ్చింది. తర్వాత మంచినీళ్ళ పడవామె, పిండి బూరెలు వేయించేవామె. దొస్సి ఇద్దరికో ముగ్గురికో చూపించిందో లేదో, ఊరి పెద్ద కబురు పంపాడు.

ఊరి పెద్ద పేరు అవోసె. డెబ్భై దాటాయి. దొస్సి తండ్రికి ప్రాణస్నేహితుడు. దూలం మీదపడి చచ్చిపోయిన వియోన్ ఆయన సొంత అన్న. ఆమె వెళ్ళేసరికి ఇంకో పదిమంది మగాళ్ళతో వలలు ఆరేసే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు.

"ఆ గుర్తులు తీసెయ్" అన్నాడు.

"ఎందుకు బాబాయ్?"

"ముప్ఫై ఏళ్ళ నుంచి ఈ ఊరు ఎలా బతికిందనుకున్నావు? చప్పుడు చేయకుండా. తల ఎత్తకుండా. వాళ్ళ కంట్లో పడకుండా. ఇప్పుడు నువ్వు ఇంటింటికీ దీపం పెట్టి, ఇదిగో ఇక్కడున్నాం రండి, రంపాలు తెచ్చుకోండి అని పిలుస్తున్నావు."

తొమ్మిది మంది తలలూపారు. పదోవాడు హున్సు. అతను ఊపలేదు గానీ నేల చూస్తున్నాడు.

దొస్సికి అవోసె అంటే చిన్నప్పటినుంచీ భయం, గౌరవం రెండూ ఉన్నాయి. అయినా ఆగలేదు. "అప్పుడు లాంచీలొచ్చినప్పుడు వాళ్ళకి దారెవరు చెప్పారు బాబాయ్? పటం చూసుకుని వచ్చారా? తిన్నగా మా ఇంటిముందుకొచ్చి ఆపారు. పడగొట్టడానికి మనమెక్కడున్నామో వాళ్ళకి ఎప్పుడూ తెలుసు. కాగితం మీద రాయడానికే తెలియదు. పెద్దనాన్న వియోన్ చచ్చిపోతే పేపర్లో ఏం రాశారు? చెత్త అన్నారు. నేనే చదివాను. మా నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను."

అన్న పేరు ఎత్తేసరికి అవోసె మొహం గట్టిపడింది.

"మాట పూర్తయిందా?"

"అయింది."

"అయితే తీసెయ్."

"తియ్యను బాబాయ్" అంది దొస్సి. "నన్ను ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలంటే వెళ్ళగొట్టండి. కానీ అప్పుడు కూడా, దొస్సి ఎక్కడుండేదో అందరికీ తెలుస్తుంది."

తిరిగి దోనె ఎక్కింది. తాడు విప్పి గెడ అందుకుంది. ఇంటికొచ్చాక హున్సు మీద విరుచుకుపడింది, అంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నావని. అతను అంతా విన్నాడు. "అక్కడ మాట్లాడాల్సింది. మాట్లాడలేకపోయాను" అన్నాడు. మర్నాడు వేటకి పోలేదు. దోనె వెనక నిలబడి గెడ పట్టుకుని, "ఎక్కు, ఏ ఇంటినుంచి మొదలుపెడదాం?" అన్నాడు.

ఆ రోజు నుంచి రెండు నెలలు, చేపల పని అయిన మధ్యాహ్నాలు వాళ్ళిద్దరూ కాలువలన్నీ తిరిగారు. భయపడ్డ గుమ్మాల దగ్గర దొస్సి బలవంతం చేయలేదు. రమ్మన్న గుమ్మంలో మాత్రం ఆ ఇంటివాళ్ళ వేలితోనే నొక్కించింది. పేర్లు మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. ఒక మంగలి 'నీటి మీద ఏకైక క్షౌరశాల' అని పెట్టుకున్నాడు, ఊళ్ళో ఇంకో ఇద్దరు మంగళ్ళున్నా. ఒక ముసలమ్మ 'హుంపె అమ్మమ్మ ఇల్లు, కుక్క కరుస్తుంది' అని రాయించింది. సగం వెనక్కొచ్చేవి, మళ్ళీ పంపేవాళ్ళు. వానాకాలం ముగిసేసరికి నీలంలో రెండు వందల పన్నెండు గుర్తులు లేచాయి. అవోసె ఇల్లు మాత్రం వాటిలో లేదు. ఆయన దొస్సి దోనె ఎదురొస్తే మొహం పక్కకి తిప్పుకునేవాడు. వెళ్ళగొట్టలేదు కూడా.

అప్పుడొచ్చింది కాగితం. రేవులో స్తంభానికి అంటించారు. సరస్సులో ఈ భాగాన్ని ఇసుకతో పూడ్చి, పెద్దపెద్ద ఇళ్ళు కట్టడానికి ఒక కంపెనీ అనుమతి అడిగింది, అభ్యంతరాలున్నవాళ్ళు ఫలానా రోజు సభకొచ్చి చెప్పుకోవాలి అని. ఉజు గట్టిగా చదివింది. అందులో ఒక వాక్యం దగ్గర ఆగి దొస్సి మొహం చూసింది. "సదరు ప్రాంతం ఖాళీ జలభాగం, నివాసాలు లేవు."

"మళ్ళీ చదువు" అంది దొస్సి.

సభకి తోమెనుంచి ఎనభై మంది వెళ్ళారు. ఆదివారం ప్రార్థనకి కట్టుకునే బట్టలు కట్టుకున్నారు. అవోసె కూడా వచ్చి వెనక వరసలో గోడవార కూర్చున్నాడు. అబోసెదె తన భోజనశాల మూసేసి మరీ వచ్చింది. వేదిక మీద అధ్యక్షురాలు కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దావిడ, పక్కన ఇద్దరు అధికారులు. కంపెనీ తరఫున టై కట్టుకున్న మనిషి తెరమీద బొమ్మ చూపించాడు. నీలం రంగు. దాని మీద చక్కగా గీసిన రోడ్లు, చెట్లు, ఈతకొలను.

"ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ నష్టం లేదు" అన్నాడు.

దొస్సి లేచి నిలబడింది. మైకు ఇవ్వలేదు. అక్కర్లేకపోయింది, కాలువకి అడ్డంగా అరిచి బేరమాడే గొంతు అది. "అమ్మా, మీ ఫోన్లో పటం ఉందా?"

"కూర్చోవమ్మా, నీ వంతొచ్చినప్పుడు మాట్లాడు" అన్నాడొక అధికారి.

"నా వంతు వచ్చేసరికి నన్ను పూడ్చేసేలా ఉన్నారు సార్. నేను అడిగింది అమ్మగారిని."

హాల్లో నవ్వులు లేచాయి. అధ్యక్షురాలు నవ్వలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, చేతిసంచీలోంచి ఫోన్ తీసింది. పటం తెరిచింది. వేళ్ళతో పెద్దది చేసింది. ఆవిడ కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

"దొస్సి పొగచేపలు" అని చదివింది. "రోడ్డు లేదు, పడవ ఎక్కండి." ఇంకాస్త జరిపింది. "సెనామి కానుపుల ఇల్లు. మంచినీళ్ళ పడవ, ఉదయం ఆరు నుంచి. హుంపె అమ్మమ్మ ఇల్లు, కుక్క..." ఆగింది. "కుక్క కరుస్తుంది."

"కరుస్తుందమ్మా" అంది వెనకనుంచి హుంపె అమ్మమ్మ.

ఈసారి అధ్యక్షురాలికి కూడా నవ్వొచ్చింది. టై మనిషి ముందుకొచ్చాడు. "ఇవి ఆధారాలు కావండీ. ఈ గుర్తులు ఎవరైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు."

"నిజమే సార్, ఎవరైనా పెట్టుకోవచ్చు" అంది దొస్సి. "మీరూ పెట్టండి. ఇక్కడ ఎవరూ లేరు అని రాసి పంపండి. ఫోటో తగిలించమంటుంది. మా సరస్సుకొచ్చి, మనిషి లేని ఫోటో ఒక్కటి తీసి తగిలించండి. దోనె నేనే పంపిస్తా, కిరాయి వద్దు. మీకు అలాంటి ఫోటో దొరికిన రోజు, మా చెక్కలు మేమే ఊడదీసుకుని పోతాం."

టై మనిషి నీళ్ళసీసా మూత తీశాడు. తాగకుండానే పెట్టేశాడు.

అప్పుడు గోడవార కుర్చీ చప్పుడైంది. అవోసె లేచాడు. కర్ర ఊతంగా పెట్టుకుని, వేదిక వైపు తిరిగాడు. "నా పేరు అవోసె. నేను పుట్టింది ఆ నీళ్ళ మీద. మా అన్న వియోన్ చచ్చిపోయింది ఆ నీళ్ళ మీద, మీలాంటి వాళ్ళు పంపిన రంపాల వల్ల. అప్పుడు మేము లేమన్నారు. ఇప్పుడూ లేమంటున్నారు." ఊపిరి తీసుకున్నాడు. "చివరి వరసలో ఆకుపచ్చ తలుపు నాది. ఆ పటంలో నా ఇల్లింకా లేదు. భయపడ్డాను. ఇవాళ సాయంత్రానికి ఉంటుంది. రాసుకోండి."

అధ్యక్షురాలు నిజంగానే రాసుకుంది.

ఆ సాయంత్రం అవోసె ఫోన్ పట్టుకుని తన గుమ్మంలో నిలబడ్డాడు. వేలు జారి గుర్తు మూడుసార్లు పక్కింట్లో పడింది. దొస్సి ఆయన వేలు పట్టుకోలేదు. పడేదాకా పక్కన నిలబడింది.

తీర్పు వచ్చేసరికి ఆరు వారాలు పట్టింది. నివాసాలు లేవు అన్న మాట కొట్టేశారు. అక్కడ ఊరుంది అని రాశారు. ఇసుకతో పూడ్చే హద్దుని తూర్పుకి జరిపారు. కానీ పడవల దారికి అడ్డమని చెప్పి రెండు వరసలు, ముప్ఫై నాలుగు ఇళ్ళు, మూడు నెలల్లో ఖాళీ చేయాలన్నారు. అందులో దొస్సిది ఒకటి.

ఆ రోజు దొస్సి ఏడ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని, పొగ వల్ల అని ఎవరికీ చెప్పకుండా, బాహాటంగా ఏడ్చింది. హున్సు పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి మొహం కడుక్కుని, "రంపాలు రాకముందే మనమే విప్పుకుందాం. ఈసారి నా గుంజ మీద ఎవరి చెయ్యీ పడకూడదు" అంది.

ముప్ఫై నాలుగిళ్ళవాళ్ళూ అలాగే చేశారు. చెక్కలకి బొగ్గుతో అంకెలు వేసుకుని విప్పారు, పడమటి కాలువలో మళ్ళీ పేర్చారు. దొస్సి ఇంటికి ఆరు రోజులు పట్టింది. ఐదో రోజు, నెత్తిమీద కప్పు లేదు, చుట్టూ గోడల్లేవు, ఫోన్ టింగుమంది. ఎవరో పటానికి కబురు పెట్టారు, ఆమె పాత చోట ఏమీ లేదని. పటం అడుగుతోంది: ఈ దుకాణం శాశ్వతంగా మూతపడిందా?

దొస్సి కాదు అని నొక్కింది. నిర్ధారించండి అంది పటం. కాదు అని మళ్ళీ నొక్కింది. తర్వాత ఎర్ర గుర్తుని పట్టుకుని, జాగ్రత్తగా, కొత్త చోటుకి లాగింది. వెలుగుతున్న పొయ్యి ముందు నిలబడి, వెనక గోడ లేక సరస్సంతా కనిపిస్తుండగా, హున్సు చేత ఫోటో తీయించి పంపింది. ఈసారి జవాబుకి రెండు రోజులు చాలాయి.

సరస్సు మీది పెద్ద వంతెన అవతల ఇంకో నీటి ఊరుంది. అక్కడి ఆడవాళ్ళు ఈ సంగతి విని దొస్సిని రమ్మన్నారు. మొన్న మంగళవారం వెళ్ళింది. వాళ్ళ ఊరి పెద్ద దోనెని గుంజకి కట్టనివ్వలేదట, ఇలాంటివి మాకొద్దు పొమ్మన్నాడట. దొస్సి దోనెలోనే కూర్చుని తెచ్చుకున్న గర్రి తిని, ఆయనకీ కాస్త పెట్టి, వెనక్కొచ్చింది. ఎల్లుండి మళ్ళీ వెళ్తోంది.